మొదటి పేపర్ జర్నల్‌కి పంపేముందు: ఏ దశలో ఏం చూసుకోవాలి

నిరుడు వేసవిలో ఒకరోజు రాత్రి పదింటికి ఒక రీసెర్చ్ స్కాలర్ ఫోన్ చేసింది. మా డిపార్ట్‌మెంట్ అమ్మాయి కాదు. జిల్లాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. "సార్, థీసిస్ ఇవ్వడానికి ఇంక రెండు నెలలే ఉంది. ఒక జర్నల్ వాళ్లు మూడు రోజుల్లో పేపర్ వేస్తామంటున్నారు. మూడున్నర వేలు కట్టమన్నారు. కట్టేయమంటారా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఆ జర్నల్ లింకు పంపమన్నాను. పేరులో 'ఇంటర్నేషనల్' ఉంది, 'అడ్వాన్స్‌డ్' ఉంది. ఇంజనీరింగు నుంచి తెలుగు సాహిత్యం దాకా అన్ని సబ్జెక్టులూ వేస్తారట. సైట్ అంతా వెతికినా ఆఫీసు అడ్రస్ మాత్రం కనపడలేదు.

డబ్బు కట్టొద్దని చెప్పాను. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. నాలుగేళ్లలో ఈ విషయాలు ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మన దగ్గర చాలామంది స్కాలర్ల పరిస్థితి ఇదే. అందుకే ఇది రాస్తున్నాను.

పబ్లికేషన్ ఎథిక్స్, అంటే పేపర్ వేయడంలో పాటించాల్సిన నీతి నియమాలు అనగానే సబ్మిషన్ రోజు సంతకం పెట్టే డిక్లరేషన్ ఫారం గుర్తొస్తుంది. కానీ ఆ రోజుకి చేయగలిగింది పెద్దగా ఉండదు. పేర్ల గొడవకి బీజం పని మొదలైన వారంలోనే పడుతుంది, డేటా గొడవకి నోట్‌బుక్ రాయడం మానేసిన రోజున పడుతుంది. కాబట్టి పని జరిగే వరుసలోనే చెబుతాను. ఉదాహరణకి నల్గొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేస్తున్న ఒక స్కాలర్‌ని ఊహించుకుందాం. 60 బోర్ల నుంచి నీళ్లు తేవాలి, ల్యాబ్‌లో కొలవాలి, పేపర్ రాయాలి.

1. శాంపిల్ తీయకముందే అనుమతులు

నీళ్లు మాత్రమే కొలిస్తే పెద్ద అనుమతులు అక్కర్లేకపోవచ్చు. అదే ఊళ్లో పిల్లల పళ్లు చూస్తాం, ఎముకల నొప్పుల గురించి ఇంటింటికీ వెళ్లి అడుగుతాం అంటే అది మనుషుల మీద పరిశోధన. మీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. పని అయిపోయాక ఆ కాగితం ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అది లేకపోతే మంచి జర్నల్ పేపర్‌ని తీసుకోదు. మనుషుల మీద ఆరోగ్య పరిశోధనకి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. మందునో చికిత్సనో మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్ అయితే, మొదటి మనిషిని చేర్చుకోకముందే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి. మన దేశంలో 2009 నుంచి ఇది తప్పనిసరి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. చదువు రాని పెద్దావిడ చేత ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కిందకి రాదు.

2. పేర్ల సంగతి మొదట్లోనే తేల్చుకోండి

నేను చూసిన గొడవల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఆథర్ ఎవరు అన్నదానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ పెట్టినది. దాన్ని ఐసీఎంజేఈ అంటారు. వాళ్లు నాలుగు షరతులు పెట్టారు. పని ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ భాగం ఉండాలి. పేపర్ రాయడంలోనో, విషయం తెలిసి దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి కాపీని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. మూడున్నా సరిపోదు.

మన నల్గొండ స్కాలర్ దగ్గరికి వద్దాం. బోర్ల దగ్గరికి బండి మీద తీసుకెళ్లి నీళ్లు పట్టించిన ఊరి కుర్రాడికి కృతజ్ఞతలు చెప్పాలి, అతన్ని ఆథర్ చేయలేం. డబ్బు తీసుకుని మెషిన్ మీద కొలిచి రిపోర్టు ఇచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ విషయమూ అంతే. లెక్కలు కట్టి, ఆ భాగం రాసి, మొత్తం పేపర్ చదివి ఒప్పుకున్న స్టాటిస్టిక్స్ మిత్రుడు మాత్రం ఆథరే. అతని పేరు వదిలేయడం అన్యాయం. ల్యాబ్ తాళం చెవి ఇచ్చిన హెచ్‌ఓడీ గారు పేపర్ చదవలేదు, పనిలో లేరు. ఆయన పేరు అక్నాలెడ్జ్‌మెంట్స్‌లోకి వెళ్లాలి.

ఈ ఆఖరి మాట చెప్పడం సులువే, ఆయన ముందు అనడమే కష్టం. మన డిపార్ట్‌మెంట్లలో పెద్దల పేరు పెట్టడం మర్యాద కింద నడుస్తోంది. స్కాలర్‌గా మీ భవిష్యత్తు వాళ్ల సంతకం మీద ఉంటుంది, నాకు తెలుసు. అందుకే ఎదురు తిరగమని చెప్పను. ఒక పద్ధతి చెబుతాను, ఇది పనిచేయడం నేను చూశాను. పని మొదలైన నెలలోనే ఒక పేజీ రాయండి. ఎవరు ఏ పని చేస్తారు, పేర్లు ఏ వరుసలో ఉంటాయి, కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపేవాళ్లు) ఎవరు అని. గైడ్‌కి చూపించి, "సార్, జర్నల్ వాళ్లు ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయమంటున్నారు, ఇలా రాసుకున్నాను, ఒకసారి చూస్తారా" అనండి. అది నిజమే. ఇప్పుడు చాలా జర్నల్స్ 'క్రెడిట్' అనే పద్ధతిలో 14 రకాల పనులు ఇచ్చి, ఒక్కో పేరు ఎదురుగా ఏది చేశారో రాయమంటున్నాయి. ఎదురుగా రాయడానికి ఏమీ లేని పేరు దానంతట అదే బయటపడుతుంది. మధ్యలో పనులు మారితే ఆ పేజీని మార్చి, తేదీ వేసి, అందరికీ మెయిల్ చేయండి.

డబ్బిచ్చి పేరు కొనుక్కోవడం గురించి కూడా చెప్పాలి. "రెండో ఆథర్ స్లాట్ ఖాళీగా ఉంది, స్కోపస్ గ్యారంటీ" అని టెలిగ్రామ్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. (స్కోపస్ అంటే పరిశోధన జర్నల్స్‌ని ఎంచి చేర్చే డేటాబేస్.) ఈ మెసేజ్‌ల వెనక ఉండేవి పేపర్ మిల్లులు, అంటే దొంగ పేపర్లు తయారుచేసి అందులో పేర్లు అమ్మేవాళ్లు. విలీ సంస్థ చేతిలోని హిందావీ జర్నల్స్ 2023 ఒక్క ఏడాదిలోనే 8 వేలకు పైగా పేపర్లని వెనక్కి తీసుకున్నాయి. ఇలా తయారైన సరుకు బయటపడటం వల్లే. మిల్లు పేపర్‌లో పేరు కొనుక్కున్న మనిషికి ఆ పేరు పక్కన 'రిట్రాక్టెడ్' అన్న ముద్ర ఎప్పటికీ ఉండిపోతుంది.

3. డేటా

రోజూ నోట్‌బుక్ రాయండి. పేజీలకి నంబర్లు వేయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన రాయండి, వైట్‌నర్ పూయొద్దు. మెషిన్ ఇచ్చిన ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో దాచి, కాపీ మీద పనిచేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. 60 బోర్లలో 58 చోట్ల ఫ్లోరైడ్ లీటరుకి 1 నుంచి 4 మిల్లీగ్రాముల మధ్య వచ్చింది. రెండు చోట్ల మాత్రం 0.2 వచ్చింది. అవి ఉంటే గ్రాఫ్ గీత వంకర పోతోంది, తీసేస్తే చక్కగా కూర్చుంటోంది. రాత్రి ల్యాబ్‌లో ఒక్కరే ఉన్నారు. ఏం చేయాలి?

ముందు నోట్‌బుక్ తిరగేయండి. ఆ రెండు సీసాలకి లేబుల్ మారిందా? ఆ రోజు మెషిన్ క్యాలిబ్రేట్ చేశారా? వీలైతే మళ్లీ ఆ ఊరికి వెళ్లి నీళ్లు పట్టి కొలవండి. తప్పు జరిగినట్టు ఆధారం దొరికితే తీసేయొచ్చు. కానీ తీసేశామని, ఎందుకు తీశామని పేపర్‌లో రాయాలి. ఆధారం లేకపోతే ఆ రెండూ ఉండాల్సిందే. బహుశా ఆ బోర్ల పక్కన చెరువు ఉంది, నీళ్లు ఇంకి కింద పలచబడుతున్నాయి. అదే నిజమైతే మీ పేపర్ మొత్తంలో ఆ ఊళ్లో వాళ్లకి పనికొచ్చే సంగతి ఆ రెండు చుక్కల్లోనే ఉంది. గీత చక్కగా రావడం కోసం దాన్ని పారేసేవాళ్లం.

ఫొటోల విషయంలోనూ ఇంతే. ఒకే ఫొటోని తిప్పి మరో ప్రయోగంగా చూపడం, జెల్ ఫొటోలో మచ్చ చెరిపేయడం తేలికగా దొరికిపోతాయి. ఎలిజబెత్ బిక్ అనే మైక్రోబయాలజిస్టు తోటివాళ్లతో కలిసి 20 వేలకు పైగా పేపర్లలోని ఫొటోలని చూసి 2016లో ఫలితం ప్రచురించారు. నూటికి దాదాపు నాలుగింట్లో అనుమానించాల్సిన ఫొటోలు ఉన్నాయి. వెలుతురు పెంచాలంటే ఫొటో అంతటికీ సమానంగా పెంచండి, అసలు ఫైల్ దాచండి.

ఇంకో మాట. వేరేవాళ్లు తెచ్చిన డేటా మీద మీ పేరు ఉంటే, ఆ డేటాని మీ కళ్లతో చూసి ఉండాలి. కోవిడ్ మొదట్లో, 2020 మేలో, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మీద లాన్సెట్ వైద్య పత్రికలో 96 వేల మంది రోగుల డేటాతో ఒక పేపర్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చూసి తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని ఆపేసింది. రెండు వారాలు తిరక్కుండానే నలుగురు ఆథర్లలో ముగ్గురు పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. డేటా అంతా మిగిలిన ఆ ఒక్క ఆథర్ కంపెనీ దగ్గర ఉంది, బయటి ఆడిట్‌కి ఇవ్వమంటే ఆ కంపెనీ ఇవ్వలేదు.

4. రాయడం, సిమిలారిటీ రిపోర్టు

మన దేశంలో గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. మీ రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే శాతమే సిమిలారిటీ. అది 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య అయితే థీసిస్‌ని ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఎవరివో చెప్పి ఇచ్చిన కోటేషన్లు, రిఫరెన్సులు, చట్టాలు, సమీకరణాలు లెక్కలోకి రావు. మామూలుగా అందరూ వాడే మాటలు కూడా వరుసగా 14 పదాల దాకా ఉంటే లెక్కలోకి రావు.

ఈ 10 శాతం అంకె వల్ల ఒక చెడ్డ అలవాటు వచ్చింది. సాఫ్ట్‌వేర్ 18 అని చూపిస్తే 9కి దింపడమే పని అనుకుంటున్నారు. మాట మార్చి మాట పెట్టే టూల్స్‌లో వేసి దింపుతున్నారు. అంకె దిగుతుంది, దొంగతనం అలాగే ఉంటుంది. పైగా ఆ టూల్స్ బ్రెస్ట్ క్యాన్సర్‌ని 'బూజమ్ పెరిల్' అనీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ని 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అనీ మార్చేస్తాయి. 2021లో గియోమ్ కబనాక్, మరో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి వికృత పదాలనే ఆనవాళ్లుగా పెట్టుకుని దొంగ పేపర్లని పట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. మీరు చదివిన పేపర్‌లో ఇలా ఉందనుకోండి: "గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఖనిజాలు నీటిలో కరగడం వల్ల ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ అధికంగా ఉంది." మీరు "గ్రానైట్ శిలల్లో ఉన్న ఫ్లోరైడ్ ఖనిజాలు నీళ్లలో కరిగిపోవడంతో ఇక్కడి భూగర్భ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైంది" అని రాసి రిఫరెన్స్ ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా ఇది చౌర్యమే. ఆలోచన వాళ్లది, వాక్యం నడక వాళ్లది. రాయాల్సింది ఇలా: "ఫ్లోరైడ్ రాతి నుంచే వస్తోందని ఫలానా వారు చూపించారు. మా శాంపిల్స్‌లో లోతైన బోర్లలోనే ఎక్కువ ఉండటం దానితో సరిపోతోంది, కానీ చెరువు పక్క బోర్లలో తక్కువ ఉంది." ఇక్కడ వాళ్లది వాళ్లకి ఇచ్చారు, మీది మీరు చెప్పారు. నేను మా స్కాలర్లకి చెప్పే పద్ధతి ఒకటే. చదివిన పేపర్ మూసేయండి, ఒక రోజు ఆగండి, మీకు అర్థమైంది రాయండి, అప్పుడు తెరిచి సరిచూసుకోండి.

మీ పాత పేపర్‌లోని పేరాలని మళ్లీ వాడినా చెప్పి వాడాలి. ఒకే పనిని ముక్కలు చేసి మూడు పేపర్లుగా వేయడం కూడా తప్పే. నల్గొండ బోర్లలో ఫ్లోరైడ్ ఒక పేపర్, అవే సీసాల్లో పీహెచ్ మరో పేపర్ వేస్తే చదివేవాడి చేతికి ఎక్కడా పూర్తి బొమ్మ రాదు.

ఏఐ టూల్స్ సంగతి. చాట్‌జీపీటీ లాంటివాటిని ఆథర్‌గా పెట్టకూడదని 2023 మొదట్లోనే పెద్ద జర్నల్సూ, పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ అయిన కోప్ కూడా స్పష్టం చేశాయి. కారణం సూటిగా ఉంది: అవి జవాబుదారీ తీసుకోలేవు. ఇంగ్లిష్ దిద్దుకోవడానికి వాడితే మీ జర్నల్ నియమం చదివి, వాడామని రాయండి. రిఫరెన్సులు మాత్రం వాటిని అడగొద్దు. లేని పేపర్లని ఉన్నట్టు, ఆథర్ పేర్లతో సహా ఇచ్చేస్తాయి. మీరు తెరిచి చదవని పేపర్ మీ రిఫరెన్సుల్లో ఉండకూడదు.

5. ఏ జర్నల్‌కి పంపాలి

ఇది మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన భాగం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన రివ్యూ (అదే రంగంలోని నిపుణులు పేపర్‌ని చదివి తప్పులు చెప్పడం) లేకుండానే ఉందని చెప్పారని, ఒప్పుకోని వాళ్ల పేర్లని ఎడిటర్లుగా చూపించారని, ఫీజు సంగతి ముందే చెప్పలేదని ఆరోపణ. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. మన ఊరి పేరు ఆ తీర్పు పక్కన కనపడటం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇక్కడ మంచి సైన్స్ చేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

అంతకుముందు, 2013లో, జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక కోసం ఒక పరీక్ష చేశాడు. ఎవరు చదివినా తప్పులు కనపడే బూటకపు క్యాన్సర్ మందు పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నల్స్‌కి పంపాడు. 157 జర్నల్స్ వేస్తామన్నాయి.

"యూజీసీ కేర్ లిస్టులో ఉంటే చాలు కదా సార్" అని ఇప్పటికీ అడుగుతుంటారు. యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా అది. 2019లో మొదలైన ఆ లిస్టుని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. మంచి జర్నల్ ఏదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు సంస్థలదీ మనదీ. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతుని కూడా యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. అయితే యూనివర్సిటీలు సొంత నియమం పెట్టుకోవచ్చు కాబట్టి, మీ రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లి ఇప్పుడు అమల్లో ఉన్న సర్క్యులర్ కాపీ తీసుకోండి. ఎవరో చెప్పిన మాట మీద డబ్బు కట్టొద్దు.

నేను జర్నల్‌ని చూసే తీరు ఇది. ముందు ఆ జర్నల్‌లో నిరుడు వచ్చిన మూడు పేపర్లు మొత్తం చదువుతాను. ఇదొక్కటే చాలాసార్లు సరిపోతుంది. రివ్యూ జరిగిన పేపర్‌కీ జరగని పేపర్‌కీ తేడా మీ సబ్జెక్టులో మీకే బాగా తెలుస్తుంది. తర్వాత ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీకి వెళ్లి, ఈ జర్నల్ పేరు అక్కడ ఉందో లేదో చూస్తాను. అనుమానం ఉంటే వాళ్లకే రెండు లైన్ల మెయిల్ రాస్తాను. స్కోపస్‌లో ఉందంటే స్కోపస్ సైట్‌లోనే వెతుకుతాను. ఓపెన్ యాక్సెస్ అయితే డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ జాబితాలో చూస్తాను. జర్నల్ సైట్ మీద పెట్టిన లోగోని నమ్మను. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, అది పత్రికని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు మాత్రమే.

క్లోన్ జర్నల్స్ ఇంకా ప్రమాదం. మంచి పేరున్న పాత పత్రిక పేరుతోనే నకిలీ సైట్ పెడతారు. గూగుల్‌లో మొదట కనపడింది అసలుది కాకపోవచ్చు. స్కోపస్‌లోనో ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లోనో ఇచ్చిన లింకు నుంచే వెళ్లండి.

ఫీజు ఉన్న ప్రతి జర్నల్ దొంగది కాదు. ఓపెన్ యాక్సెస్‌లో నమ్మకమైనవి కూడా ఫీజు తీసుకుంటాయి. కానీ ఎంత, ఎప్పుడు అన్నది ముందే సైట్‌లో రాసి ఉంటుంది.

6. పంపేటప్పుడు, రివ్యూలో

ఒక పేపర్‌ని ఒకసారికి ఒకే జర్నల్‌కి పంపండి. ఆరు నెలలు జవాబు రాకపోతే ఎడిటర్‌కి మర్యాదగా మెయిల్ రాయండి. ఇంకా ఆగలేకపోతే విత్‌డ్రా చేస్తున్నామని చెప్పి, వాళ్లు ఒప్పుకున్న మెయిల్ వచ్చాకే వేరేచోటికి పంపండి. నిధులు ఎవరిచ్చారో దాచొద్దు. ఫ్లోరైడ్ ఫిల్టర్లు అమ్మే కంపెనీ డబ్బుతో పనిచేస్తే ఆ ముక్క పేపర్‌లో ఉండాలి. రివ్యూయర్లని సూచించమంటే సంస్థ మెయిల్ ఐడీలే ఇవ్వండి. మిత్రుల పేరుతో దొంగ ఐడీలు పెట్టి, తమ పేపర్‌ని తామే రివ్యూ చేసుకుని దొరికిపోయినవాళ్లు ఉన్నారు.

రివ్యూయర్ "నా ఈ ఐదు పేపర్లు చేర్చు" అంటే వాటిని చదవండి. సంబంధం ఉన్నదాన్ని చేర్చండి. మిగతావి ఎందుకు చేర్చలేదో ఎడిటర్‌కి జవాబులో రాయండి. భయపడాల్సిన పనిలేదు.

రేపు మీరే రివ్యూయర్ అయితే ఆ పేపర్‌ని ఎవరికీ చూపించొద్దు, ఏఐ టూల్‌లో వేయొద్దు. అది మీ చేతికి నమ్మి ఇచ్చిన ఇంకొకరి నాలుగేళ్ల కష్టం.

7. తప్పు బయటపడితే

అచ్చయ్యాక లెక్కలో తప్పు కనపడిందనుకోండి. కో ఆథర్లందరికీ చెప్పి, ఎడిటర్‌కి మీరే ముందు రాయండి. చిన్నదైతే కరెక్షన్ వేస్తారు. నిర్ధారణే నిలబడకపోతే రిట్రాక్షన్. నిజాయితీగా జరిగిన పొరపాటుని మీరే చెప్పుకుంటే, ఆ నోటీసులో కారణం అలాగే రాస్తారు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. 2019లో సైన్స్‌లో వేసిన పేపర్ ఫలితాలు మళ్లీ చేస్తే రాకపోవడంతో 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. చూస్తే మొదటి ఆథర్ ల్యాబ్ నోట్‌బుక్‌లో కొన్ని ప్రయోగాల ఎంట్రీలే లేవు. పంపేటప్పుడు హడావుడిలో సరిగ్గా చూడలేదని ఆవిడ అందరి ముందూ క్షమాపణ చెప్పారు.

ఇప్పటికే దొంగ జర్నల్‌కి పంపేసి ఉంటే? డబ్బు కట్టకండి, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి. పేపర్‌ని వెనక్కి తీసుకుంటున్నామని, అచ్చు వేయడానికి ఒప్పుకోవడం లేదని తేదీతో మెయిల్ రాసి గైడ్‌కి కాపీ పెట్టండి. 'విత్‌డ్రాయల్ ఫీజు' అడిగినా ఇవ్వొద్దు. మెయిల్స్ అన్నీ దాచండి. తర్వాత పంపే జర్నల్ ఎడిటర్‌కి కవర్ లెటర్‌లో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆ రాత్రి ఫోన్ చేసిన అమ్మాయి ఇలాగే చేసింది. యూనివర్సిటీకి వెళ్లి అడిగితే, పేపర్ అచ్చవ్వాల్సిన పనిలేదు, యాక్సెప్టెన్స్ లెటర్ చాలన్నారు. థీసిస్‌కి ఆరు నెలల గడువు పొడిగింపు తీసుకుంది. తన సబ్జెక్టులో ఒక సొసైటీ నడిపే చిన్న జర్నల్‌కి పంపితే ఇద్దరు రివ్యూయర్లు పదకొండు ప్రశ్నలు వేశారు. ఏడో ప్రశ్నకి జవాబు రాస్తూ మళ్లీ ఫోన్ చేసింది, ఆ రివ్యూయర్ తన టేబుల్‌లో తప్పు పట్టుకున్నాడని చెప్పడానికి.